మబ్బు వేషం

జూన్ చివరి శనివారం మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ మీద వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. క్రాంతికుమార్ గబగబా బైకును ఆ పాత హాలు ముందున్న రేకుల కిందికి తోసి, స్టాండు వేసి, తల విదిలించుకున్నాడు. జెల్ రాసి నిలబెట్టుకున్న జుట్టు నుదుటికి అంటుకుపోయింది. హీరోలా బయల్దేరినవాడు దారిలో హీరో పక్కన తడిసే స్నేహితుడిగా మారిపోయాడు.

"బం... డ..." అని వినిపించింది వెనక నుంచి.

తిరిగి చూశాడు. తన ఈడుదే ఒక అమ్మాయి వానలో నిలబడి ఉంది. రెండు మోచేతులకూ ఊతకర్రలు. నీలం చుడీదార్ తడిసి ముదురు నీలమైపోయింది. ఆమె మళ్ళీ ఏదో అంది. మాట మధ్యలో విరిగి, చివరి అక్షరం వానలో కొట్టుకుపోయింది. మళ్ళీ అతనికి "బండ" అనే వినబడింది.

క్రాంతి ముఖం వెలిగింది. ఆడిషన్ నోటీసులో చదివాడు కదా! ఈ సంగీత నాటకంలో ముఖ్యమైన వేషాలు రెండు. ఒకటి మబ్బు, రెండోది బండ.

"ఓ, మీరు బండ వేషానికి వచ్చారా అండీ? వెరీ గుడ్! నేను మబ్బుకి. ఆల్ ది బెస్ట్!" అన్నాడు, చంటిపిల్లకి చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాటా ఒత్తి.

ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. ఒక ఊతకర్ర పైకెత్తి అతని బైకు వైపు చూపించింది. అప్పుడు చూశాడు క్రాంతి. బైకు చక్రాల కింద ఉన్నది నేల కాదు. మెట్లెక్కలేని వాళ్ళ కోసం చెక్కలతో వేసిన ఏటవాలు దారి. సరిగ్గా దానికి అడ్డంగా తన బండి!

"బండి," అంది ఆమె, ఈసారి చివరి అక్షరాన్ని జారిపోనివ్వకుండా పట్టుకుని. "తి... య్యి."

క్రాంతికి ఆ క్షణాన ఆ చెక్కల కిందికి దూరిపోవాలనిపించింది.

* * *

సినిమా గ్రూపు డాన్సర్లు ఒకప్పుడు ప్రాక్టీసు చేసిన హాలు అది. ఒక గోడ పొడవునా అద్దాలు. కాలేజీ పిల్లలూ, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళూ కలిసి ‘మనమే’ అని ఒక బృందం పెట్టుకుని, వారం వారం అక్కడ చేరుతున్నారు. పెద్దవాళ్ళెవరూ లేరు. పెత్తనమంతా నవతది. రహమత్ నగర్ పిల్ల, లా చదువుతోంది. చెవిలో వినికిడి మిషను, చేతిలో చాక్‌పీసు, గొంతులో బస్ కండక్టర్ అధికారం.

"ఒక్క మాట ఇనుండ్రి!" అని చప్పట్లు కొట్టింది నవత. "గీడ ఆడిషన్ అంటే ఎవర్ని తీసెయ్యాల్నని కాదు. ఎవరికి ఏ వేషం సరిపోతదని. వచ్చినోళ్ళను వాపస్ పంపుడన్నది మా దగ్గర లేదు. సమజైందా?"

కథ కూడా ఆమే చెప్పింది. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బండ. దానికీ, ఆకాశంలో తిరిగే ఒక మబ్బుకీ స్నేహం. ఆ బండను పేల్చి అక్కడ అద్దాల మేడ కట్టబోతున్నారు. పేల్చే ముందురోజు మబ్బు వచ్చి, తనతో వచ్చెయ్యమంటుంది. ఆ పాటే ఆడిషన్ పాట. కీబోర్డు మీద దాన్ని ఒకసారి వినిపించారు కూడా.

మబ్బు వేషానికి పేర్లిచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు క్రాంతికుమార్. రెండోవారి పేరు భువన. ఎవరా అని చూస్తే, ఊతకర్రలు గోడకు ఆనించి, దుపట్టా పిండుకుంటున్న ఆ అమ్మాయే.

"మస్తయింది," అంది నవత. "మీరిద్దరు జోడీ. ఒక వారం టైమిస్తున్న. పాట నేర్చుకొని రాండ్రి. ఎవరు మబ్బో, ఎవరు బండో మీరే తేల్చుకోండ్రి."

క్రాంతి మెల్లగా నవతను పక్కకు పిలిచాడు. "నవతగారూ, ఆమెకి... ఐ మీన్, పాట చాలా ఫాస్ట్‌గా ఉంది. ఆమెకి ఇబ్బందేమో. వేరే పార్ట్‌నర్ని..."

"నా కాళ్ళు... నెమ్మది," అని వెనక నుంచి వినిపించింది. "చెవులు... కావు."

కీబోర్డు దగ్గర కూర్చున్న బాలనర్సయ్య ఫక్కున నవ్వాడు. అతనికి చూపు లేదు. నవ్వు మాత్రం హాలంతా ఉంటుంది.

* * *

క్రాంతికి మూడు భాషలు. మోతీనగర్‌లో ఇంటి గడప దాటేదాకా ఒకటి. మాదాపూర్ కాల్ సెంటర్‌లో, అమెరికా వాళ్ళకు అర్థమయ్యేలా ఎలా పలకాలో కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేటప్పుడు ఇంకొకటి. అక్కడ అతని పేరు కెవిన్. ఫిల్మ్‌నగర్‌లో అడుగుపెడితే మూడోది. సినిమాల్లో హీరోలు మాట్లాడే తెలుగు. మూడూ ఎక్కడా కలవకుండా జాగ్రత్తగా చూసుకుంటాడు.

అందుకే సోమవారం సాయంత్రం జూబ్లీహిల్స్‌లో భువన వాళ్ళ ఇంటి గేటు ముందు నిలబడి, "నమస్కారమండీ, రిహార్సల్‌కి వచ్చానండీ" అని రెండుసార్లు లోలోపల అనుకుని మరీ బెల్లు కొట్టాడు.

తలుపు తీసింది భువన తల్లి జగదాంబ. ఆప్యాయంగా కూర్చోబెట్టింది. కూతురు "వాన... లో..." అనగానే "వానలో తడిశావా బాబూ అంటోంది" అని పూర్తిచేసింది. "పె... స..." అనగానే "పెసరట్టు తింటావా అంటోంది" అంది. ప్రతిసారీ భువన కనుబొమలు కొంచెం దగ్గరకొచ్చి, మళ్ళీ విడిపోవడం క్రాంతి చూశాడు.

పుట్టినప్పటి నుంచీ భువన ఒంట్లో కండరాలు ఆమె చెప్పినంత తొందరగా వినవు. కాళ్ళదీ నాలుకదీ ఒకటే మొండితనం. బుర్ర మాత్రం వాటికోసం ఆగదు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వెబ్‌సైట్లకు ఇంట్లో కూర్చునే ఇంగ్లీషు రాస్తుంది. ఇంకో విషయమేమిటంటే, అలవాటు పడ్డాక ఆమె మాట అర్థం కాకపోవడం అంటూ ఉండదు. క్రాంతికి మొదటి రోజే పెసరట్టు పూర్తయ్యేసరికి సగం అలవాటైపోయింది.

పాట దగ్గర మాత్రం చిక్కొచ్చింది. బాలనర్సయ్య రికార్డు చేసిచ్చిన క్యాసెట్ పరుగెడుతుంటే, భువన వెనకబడిపోతోంది. ఆమె ఆగిన చోటల్లా క్రాంతి ఆ మాట అందుకుని పాడేస్తున్నాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

భువన టేప్‌రికార్డర్ ఆపేసింది.

"నీ ముందు ప్లేట్లో పెసరట్టు ఉందనుకో. నేను వచ్చి తినేస్తే?"

"అదేంటండీ?"

"నా మాట నాది. నేనే... పూర్తి చేసుకుంటా. ఎంతసేపైనా సరే."

"సారీ అండీ. కానీ మబ్బంటే పరుగెత్తాలి కదా. అందుకే నేను మబ్బు, మీరు బండ అయితే..."

"మబ్బు పరుగెత్తడం... ఎప్పుడు చూశావు?"

"అందరికీ తెలిసిందే కదండీ."

"పద."

వాళ్ళ ఇంటి వెనక, ఇంకా ఎవరూ పేల్చని రాళ్ళ గుట్ట ఉంది. ఏనుగులంత రాళ్ళు ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతాయేమో అన్నట్టు నిలబడి ఉన్నాయి. భువన ఊతకర్రలు ఆనించుకుంటూ వెళ్ళి, చిన్న బండ మీద కూర్చుంది. క్రాంతి సాయం చెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కన కూర్చున్నాడు.

"పైకి చూడు. మాట్లాడకు."

ఆకాశం కడిగినట్టుంది. గోల్కొండ వైపు నుంచి ఒక మబ్బు వస్తోంది. ఒక్కటే. అడుగున బూడిద రంగు, అంచుల్లో సాయంత్రపు బంగారం. క్రాంతి దాన్ని చూస్తున్నాడు. అది కదులుతున్నట్టే లేదు. కానీ కాసేపటికి చూస్తే ఎదురింటి నీళ్ళ ట్యాంకు దాటి వచ్చేసింది. ఇంకాసేపటికి వాళ్ళ తలల మీదికి వచ్చింది. తొందర లేదు. చప్పుడు లేదు. దాని నీడ చెక్‌పోస్టు మీదా, మేడల మీదా, హారన్లు కొట్టుకుంటున్న కార్ల మీదా ఒక చెయ్యి నిమిరినట్టు జరిగి, వాళ్ళ మీదుగా వెళ్ళిపోయింది. ఆ కొద్దిసేపూ గాలి చల్లబడింది. క్రాంతి చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఒక మబ్బు ఊరు దాటడాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడు చెప్పు," అంది భువన. "పరుగెత్తిందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. పక్కకి చూస్తే ఆమె ఇంకా పైకే చూస్తోంది. ఆమె కళ్ళలో ఆ బంగారపు అంచు ఇంకా ఉంది. అతను ఆకాశం వైపు మళ్ళీ చూడలేదు.

సరిగ్గా అప్పుడే జేబులో సెల్‌ఫోన్ మోగింది. అమ్మ బాలమణి.

"ఆ, అమ్మా! గీడనే ఉన్న, జూబ్లీహిల్స్‌ల. తిన్ననే, పెసరట్టు వెట్టిండ్రు. ఏ, ఫికర్ జెయ్యకు, చీకటిగాకముందే వస్త తీ. నాయినకు జెప్పు, మందు గోలీలు తెస్త అని."

ఫోన్ పెట్టేసి చూస్తే, భువన అతన్ని కొత్తగా చూస్తోంది.

"ఇప్పుడు మాట్లాడింది ఎవరు?"

"నేనేనండీ."

"ఇంతసేపూ మాట్లాడింది?"

"అది... కూడా నేనే."

"ఆఫీసులో?"

"కెవిన్."

భువన నవ్విన నవ్వుకు ఒక ఊతకర్ర జారి కిందపడింది. "ముగ్గురికి... పెసరట్టు ఒకటే పెట్టామే!"

క్రాంతి కూడా నవ్వాడు. తర్వాత ఎందుకో, ఎవరికీ చెప్పనిది చెప్పాడు. రెండేళ్ళ కింద ఒక డబ్బింగ్ థియేటర్‌లో వాయిస్ టెస్టుకి వెళ్ళాడు. ఇన్‌చార్జిగారు విని, గొంతు బాగుంది గానీ, ఈ యాస కమెడియన్ పక్కన నిలబడేవాడికి తప్ప పనికిరాదన్నారు. ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి నేర్చుకున్నదే ఈ ‘అండీ’ తెలుగంతా.

భువన నవ్వడం మానేసింది. "బండ... ఈ ఊరి రాయి. అది ఏ భాషలో మాట్లాడుతుంది?"

"ఏమో."

"మీ అమ్మతో మాట్లాడినట్టు... మాట్లాడుతుంది. నువ్వు బండ. నేను మబ్బు. ఇష్టమైతే చెప్పు."

క్రాంతి కిందపడ్డ కర్ర తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇష్టమే. కని నవ్వొద్దు మల్ల."

ఇంట్లోకి తిరిగి వచ్చేసరికి హాల్లో సోఫాలో ఒక పెద్దాయన బూట్లు విప్పుకుంటున్నాడు. క్రాంతి కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. వాయిస్ టెస్టు చేసిన ఆ ఇన్‌చార్జి! భువన తండ్రి కాశీవిశ్వనాథం ఆయనే!

ఆయన అతన్ని గుర్తుపట్టలేదు. రోజుకెన్ని గొంతులు వింటాడో. పాట సంగతి విని ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"వద్దమ్మా. స్టేజి అంటే నీకు తెలీదు. జనం నవ్వితే నేను తట్టుకోలేను."

"నేను... తట్టుకుంటా నాన్నా."

"మాట ఆగిపోతే?"

"ఆగుతుంది. మళ్ళీ... వస్తుంది."

ఆయన కూతురి వంక చూసి లోపలికి వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా వచ్చిన క్రాంతి చెవిలో భువన అంది, "ఆ ఇన్‌చార్జి... మా నాన్నే కదూ? నీ ముఖం చూస్తే తెలిసిపోయింది." అతను తల ఊపాడు. "అయితే శనివారం... గట్టిగా పాడు."

* * *

శనివారం హాలు నిండిపోయింది. చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్ళు ముందు, చాపల మీద కూర్చున్నవాళ్ళు తర్వాత, కిటికీల్లో వేలాడుతున్నవాళ్ళు చివర. నవత ఒక్కో వేషానికీ పేర్లిచ్చినవాళ్ళను పిలుస్తోంది. పక్కన ఒక అమ్మాయి పాటల్నీ మాటల్నీ చేతి సైగల్లోకి మారుస్తుంటే, వినబడనివాళ్ళు ఆ చేతుల వంకే చూస్తున్నారు.

"భువన, క్రాంతికుమార్!"

ఇద్దరూ మధ్యలోకి వచ్చారు. క్రాంతి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, బండలా. భువన నిలబడింది. బాలనర్సయ్య తాళం మొదలుపెట్టబోతే భువన అంది, "తాళం... వద్దు. ఒక్క స్వరం... పట్టుకుని ఉంచు చాలు."

బాలనర్సయ్య నవ్వు ఆపి, ఒక మెట్టు మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు.

భువన పాట ఎత్తుకుంది.

*రమ్మంటే రావు... కదలమంటే కదలవు...*

ఒక్కో మాట ఒక్కో మబ్బుతునకలా వచ్చింది. వచ్చి, ఆగి, గాలిలో తేలి, తర్వాతి దానికోసం చోటు వదిలింది. క్యాసెట్లో పరుగెత్తిన పాట ఇదేనా అనిపించింది క్రాంతికి. అప్పుడు వినబడని దుఃఖమంతా ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య వినబడుతోంది. ఇంట్లో ఎన్నోసార్లు విన్న పాటే. అయినా కొత్తగా వింటున్నాడు.

*నిన్ను విడిచి... ఏ ఊళ్ళోనూ...*

అక్కడ ఆగిపోయింది.

తర్వాతి మాట ‘కురవలేను’. భువన పెదవులు కదిలాయి. మెడ నరాలు బిగిశాయి. మాట రాలేదు.

ఎక్కడో ఎవరో దగ్గారు. క్రాంతి కళ్ళెత్తి చూస్తే తలుపు దగ్గర కాశీవిశ్వనాథం! ఎప్పుడొచ్చాడో. పక్కన జగదాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాశీవిశ్వనాథం పెదవులు చప్పుడు లేకుండా ‘కురవలేను, కురవలేను’ అంటున్నాయి. ఒక అడుగు ముందుకు వేశాడు కూడా.

ఆ మాట క్రాంతి నాలుక చివరే ఉంది. ఒక్కసారి అందిస్తే చాలు, పాట గట్టెక్కుతుంది. ఎవరూ తప్పనుకోరు. మెచ్చుకుంటారు కూడా. అతను పళ్ళు బిగించాడు. ముఖం పైకెత్తి, గుట్ట మీద మబ్బును చూసినట్టు, భువనను చూస్తూ కూర్చున్నాడు.

బాలనర్సయ్య వేలు ఆ మెట్టు మీదే ఉంది. సైగలు చేసే అమ్మాయి చేతులు గాలిలోనే ఆగి ఉన్నాయి. ఆ హాలు మొత్తం ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. జాలితో కాదు. ఇప్పుడు వస్తుంది, మన మీద కురుస్తుంది అని ఎదురుచూస్తూ.

*...కురవలేను.*

వచ్చింది. మెల్లగా, పూర్తిగా, ఆమె సొంతంగా వచ్చింది. క్రాంతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు బండ వంతు. పుస్తకాల తెలుగులో రాసిచ్చిన వాక్యాలు పక్కన పెట్టి, తన నోటికి వచ్చిన తీరులో ఎత్తుకున్నాడు.

*ఉరుకకే మబ్బుపిల్లా, జర నిలువు, జర కురువు...*
*రేపేమైతదో రేపు జూద్దాం, ఇయ్యాల గీడనే ఉంట...*

ఎవరూ నవ్వలేదు. కిటికీలో వేలాడుతున్నవాడొకడు కళ్ళు తుడుచుకున్నాడు. పాట అయిపోయాక చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు. సగంమంది చేతులు పైకెత్తి గాలిలో ఊపుతున్నారు. వినబడనివాళ్ళ చప్పట్లు అవి.

నవత ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుంది. "రాసుకోండ్రి. మబ్బు భువన. బండ క్రాంతి. ఇంక దీంట్ల చర్చ లేదు."

జనాన్ని తోసుకుంటూ కాశీవిశ్వనాథం వచ్చాడు. కూతురి తల మీద చెయ్యి వేసి ఏదో అనబోయాడు. ఈసారి మాట రానిది ఆయనకి. తర్వాత క్రాంతి వైపు తిరిగాడు.

"బాబూ, ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడుందయ్యా?"

"మీ థియేటర్ల మైకు ముంగటనే ఉండె సార్. మీరే బయటికి వంపిండ్రు," అన్నాడు క్రాంతి, నవ్వుతూనే.

ఆయన తేరిపార చూశాడు. గుర్తొచ్చింది. ముఖం ఎర్రబడింది. భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచి, "మేం కార్లో ఉంటాం, అమ్మాయిని తీసుకురా" అని భార్యతో సహా బయటికి నడిచాడు.

* * *

వాన వెలిసింది. చూరు నుంచి చుక్కలు రాలుతున్నాయి. వరండాలో ఇద్దరే మిగిలారు.

"భువనా..." ‘గారు’ ఎప్పుడు రాలిపోయిందో అతనికే తెలియదు. "ఒకటి చెప్పాలె. యాక్చువల్లీ, ఐ..."

"కెవిన్‌తో నాకు పని లేదు."

క్రాంతి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వంటె నాకు మస్తు ఇష్టం."

భువన అతని ముఖంలోకి చూసింది. "జాలి... కాదు కదా?"

"జాలా! నీతోని మాట్లాడాలంటె నాకు చెమటలు వడ్తయి. పొద్దుగాల లేసి ఏం మాట్లాడాల్నో అనుకొని వస్త, నీ ముంగట నిలవడంగనే అంత మరిచిపోత. ఇందాక నువ్వు పాడుతుంటె ఏమనిపించిందో తెల్సా? గింత పెద్ద ఊర్ల గీ పిల్ల పక్కన కూసునే జాగ నాకెట్ల దొరికిందిరా దేవుడా అనిపించింది."

ఆమె చెంపలు వెచ్చబడ్డాయి. తల వంచుకుంది. మళ్ళీ ఎత్తింది.

"నా... క్కూ... డా," అంది.

"ఏంది?"

"వినబడిందిగా!"

"ఇనవడ్డది. ఇంకోసారి ఇందామని."

ఎదురుగా రోడ్డు పక్కన కారు స్టార్టయి ఉంది. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. దించి ఉన్న అద్దంలోంచి జగదాంబ గొంతు వరండా దాకా వినవచ్చింది.

"ఇంజిన్ ఆపేశారేమండీ?"

"వాన తగ్గాక వెళ్దాంలే."

"వాన ఎప్పుడో తగ్గిందిగా!"

"మళ్ళీ వచ్చేలా ఉంది," అన్నాడు కాశీవిశ్వనాథం, పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుంటూ.

జగదాంబ వింతగా ఆకాశం వంక చూసింది. తర్వాత వరండా వైపు చూసింది. చూసి, చిన్నగా నవ్వుకుని, కారు అద్దం పైకెత్తేసింది.